తినకూడనివి

ఫారంలో నాలుగో ప్రశ్న:
మీరు తినకూడనివి ఏమైనా ఉన్నాయా?
ఆ గడిలో కర్సర్ చాలాసేపు
కన్నుకొడుతూ నిలబడింది.
ఏమీ రాయకుండానే డబ్బు కట్టేశాను.

శాన్ ఆంటోనియోలో శనివారం పొద్దున,
మూతబడ్డ సబ్బుల ఫ్యాక్టరీ ముందు తెల్ల వ్యాను.
పదకొండు మందిమి.
గైడు హోర్టెన్సియా కాంతూ, అరవై దాటిన మనిషి,
చేతిలో బడిగంట లాంటి చిన్న గంట.
"ఇవాళ డైటింగులో ఉన్నవాళ్ళు దిగిపోండి!" అని మోగించింది.
నవ్వాం,
ఒకరికొకరు తెలియనివాళ్ళు నవ్వే నవ్వు.

ముందు సీట్లో ప్లేనో నుంచి ఒక జంట, మనవాళ్ళే.
నా మొహం చూసి తెలుగులోకి దిగారు.
మొదటి నిమిషంలో జిల్లా, రెండో నిమిషంలో ఊరు,
మూడో నిమిషంలో ఇంటిపేరు.
ఇంటిపేరు విన్నాక కాస్త ఆగారు.
ఆ ఆగడం నాకు అలవాటే.
వ్యాను మాత్రం ఆగలేదు.

మొదటి మజిలీ ఆవు తల.
తడి గోనెపట్టా చుట్టుకుని
రాత్రంతా నిప్పుల గోతిలో పడుకుని లేచింది.
పెనం మీద పొంగిన గోధుమ రొట్టెలో
దవడ కండ, పైన ఉల్లిపాయ, నిమ్మరసం.
మూడు కాళ్ళ రాతి రోట్లో నూరిన పచ్చడి.
"కారం, జాగ్రత్త" అంది వడ్డించే పిల్ల.
ప్రత్తిపాడులో పుట్టిన నా నాలుక
మర్యాదకి ఊరుకుంది.

ప్లేనో ఆయన బీన్సు చాలన్నాడు.
రెండు గిన్నెలు అయ్యాక అడిగాడు, ఇందులో ఏం వేస్తారని.
"పంది కొవ్వు, నాయనా, లేకపోతే రుచెక్కడిది?"
హోర్టెన్సియా నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
ఆయన చెంచా కింద పెట్టి
కిటికీలోంచి ఆకాశం చూశాడు.

మధ్యాహ్నం లాక్‌హార్ట్.
వెండెల్ హ్రుస్కా, మోచేతి దాకా మసి.
"పొగ రంగు చూడాలి" అంటాడు.
"తెల్లగా లేస్తే మాంసం చేదు.
నీలంగా, ఉందా లేదా అన్నట్టు ఉండాలి."
బొగ్గులా నల్లగా ఉన్నదాన్ని కోస్తే
లోపల కొవ్వు వణికింది.
పళ్ళేల్లేవు. కాగితం మీదే, వేళ్ళతోనే.

అప్పుడు చెప్పింది హోర్టెన్సియా:
"మా తాత రాంచ్‌లో పశువుల కాపరి.
కూలి సగం డబ్బు, సగం దొర వద్దన్న మాంసం.
తల, పేగులు, పొట్ట మీది పట్టీ.
ఆ పట్టీకే ఇప్పుడు ఫహీతా అని పేరు,
ఇనప పళ్ళెంలో చుయ్‌మంటూ వస్తుంది, ముప్పై డాలర్లు."

ఎందుకు నోరు తెరిచానో తెలీదు.
మా పెరట్లో దండెం గురించి చెప్పాను,
ఉప్పూ పసుపూ పట్టించి అమ్మ ఆరేసిన ఎర్రటి పేలికల గురించి,
కాకుల్ని తోలే కర్ర నాదేనని,
బళ్ళో డబ్బా మూత తీసి
ఎండుచేప అని అబద్ధమాడేదాన్నని.

"ఏమంటారు వాటిని?"
"తునకలు."
తు-న-క-లు, అంటూ కూడబలుక్కుంది పదిమందీ చూస్తుండగా.
కాగితం అంచున పెన్నుతో రాయబోతే
నూనెకి అక్షరం పడలేదు.

ప్లేనో ఆవిడ, సీతాకోకల ప్రింటు చున్నీ,
నా పక్కకి జరిగి మెల్లగా అంది:
"మా వీధి చివర్నించి ఆ వాసన వచ్చేది ఎండాకాలం.
బావుండేదండీ.
ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు."
అని, భర్త వైపు ఒకసారి చూసి
ఊరగాయ దోసకాయ ముక్కలు నా వైపు తోసింది.

వెండెల్ కత్తి తుడుచుకుంటున్నాడు.
"ఉప్పెంత వేసేది మీ అమ్మ?"
"పిడికెడు" అన్నాను.
"ఎవరి పిడికిలి?"

చెయ్యి ముడిచి చూసుకున్నాను.
ఆవిడది ఇంతకంటే చిన్నది.
ఎంత చిన్నదో
చూపించబోయి, ఆగి,
మళ్ళీ ముడిచాను.