కుదురు

సూట్‌కేసు తెరిస్తే
చెల్లెలు కట్టిచ్చిన ఆల్‌బుఖరా పచ్చడి సీసా మూత వదిలి
రెండు స్వెట్టర్లూ కడుపారా తాగేశాయి.
నాలుగుసార్లు ఉతికాను.
ఎండ తగిలితే చాలు
బారీ నగరంలో మూడో అంతస్తు బాల్కనీ నిండా
జెస్తఫోని వాసన.
పక్కింటావిడ ముక్కు ఎగబీల్చి
ఏం వండుతున్నావని అడిగింది.
బట్టలు, అన్నాను.

ద్రాక్ష కోతకని వెళ్ళినదాన్ని
మంచు పడేదాకా ఉండిపోయాను.
ఈ నాలుగు నెలలూ ఇక్కడ నా మంచం మీద
ల్యూదా పడుకుంది, ఉక్రెయిన్ మనిషి.
పరుపులో గుంట ఆమెది.
ఉప్పు డబ్బా ఎడమ అరలోంచి కుడి అరలోకి పోయింది.
చెయ్యి రోజూ ఎడమకే వెళ్ళి
గాలిని పట్టుకొస్తోంది.

తెల్లవారి నాలుగింటికే మెలకువ.
అక్కడ ఏడు. పాలు పితికే వేళ.
చీకట్లో నా వేళ్ళు
దుప్పటి అంచు పట్టుకుని లాగుతుంటాయి.

నున్‌త్సియా అవ్వకి ఎనభై తొమ్మిది.
నన్ను చూసి, కాఫీ పెట్టు ల్యూదా, అంది.
నేను ఎతేరిని, అన్నాను.
తెలుసు, అంది. చక్కెర వెయ్యకు, ల్యూదా.
ఆరేళ్ళు ఆమె గోళ్ళు కత్తిరించాను.
చెప్పుకోలేని చోట పుండుకి మందు రాశాను.
మొగుడి ఫొటో మీద దుమ్ము, వారం వారం.
నా పేరు మాత్రం
ఖాళీ చేసిన అద్దెగదిలా
ఇట్టే ఇంకొకరికి పోయింది.

అక్కడేమన్నా పెద్ద నిలిచిందా?
దిగిన రోజు చెల్లెలి గుమ్మం ముందు
కాళ్ళు ఆగాయి, నోరు దానంతటదే
'పెర్మెస్సో' అంది.
లోపలికి రావచ్చునా అని
ఈ ఇటలీ వాళ్ళు గడప గడపకీ అడిగే మాట.
నేను పుట్టిన గదిలోకి రావడానికి
నేను అనుమతి అడిగాను.
పడీ పడీ నవ్వారు.
మరిది గూరమ్ అయితే నేనున్నన్నాళ్ళూ
కోళ్ళగూట్లో తల పెట్టేముందు కూడా
'పెర్మెస్సో' అనేవాడు.
నేనూ నవ్వాను.
చుట్టపుచూపు ఎటు నుంచి ఎటో
అందాకా లెక్క తెలుసనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం సెలవు.
ఉంబెర్తో తోటలో మావాళ్ళంతా బెంచీల మీద
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు.
ఏమిటమ్మా ఊరి కబుర్లు?
బేకరీ మూసేశారు, అన్నాను.
మెడదాకా నేలలో పాతిన మా వైన్ జాడీల్లో
ఒకటి చిట్లితే ఈసారి బయటికి తీశారు.
ఇన్నేళ్ళూ దాని మూతే తప్ప ఒళ్ళు చూడలేదు.
నా ఎత్తుంది. అడుగు మొన.
గోడకి ఆనించారు, రాళ్ళు పేర్చారు,
ఎక్కడ నిలబెట్టినా ఒరిగిపోతుంది.
ఆఖరికి కుదురు దొరక్క పడుకోబెట్టారు.
వింటున్నది దోదో ఒక్కతే. మిగతావాళ్ళు
పార్సిల్ వ్యానువాడు కిలోకి రేటు పెంచాడని
వాడి వంశాన్ని తిడుతున్నారు.
ఏం చేశారు దాన్ని, అంది దోదో.
కోడిపిల్లలు కాపురం పెట్టాయి.

మూడో వారం, మంగళవారమనుకుంటా,
సముద్రపు గాలి గొడుగుని తిరగేసింది.
ఒక చేతిలో ఫొకాచ్చా పొట్లం, నూనె కారుతూ,
ఇంకో చేతిలో అవ్వ మందులు.
తాళం తిప్పి, మోచేత్తో తలుపు తోసి
తిన్నగా వంటింట్లోకి నడిచాను.
పొయ్యి వెలిగించాను.
కుడి అరలోంచి ఉప్పు తీశాను.
అప్పుడు తట్టింది.
గడప దగ్గర ఆ మాట అనలేదు.
ఆరేళ్ళలో ఒక్క పూట మానలేదు దాన్ని.

వెనక్కి వెళ్ళి అనొద్దామా అని
చెయ్యి తుడుచుకున్నాను కూడా.
నూనె కాగిపోతోంది.

గదిలోంచి అవ్వ గొంతు:
ల్యూదా, ఎవరొచ్చారు?

ఎవరూ రాలేదమ్మా.
నేనే.