నాలుగు రాళ్లు

షాద్‌నగర్ దాటినంక, బైపాస్ పక్కన,
మూతబడ్డ పల్లినూనె మిల్లుల
విమానాల మ్యూజియం పెట్టిండ్రు.
టికెట్టు పది రూపాయలు.
చినుకు పడితే ఇప్పటికీ గోడలు నూనె వాసనొస్తయ్.

వారానికి ఒక్కటే సెలవు నాది.
కడమ ఆరు రోజులు
శంషాబాద్ రన్‌వే అంచుల నిలబడి
పిట్టల్ని తరుముత.
పటాకుల తుపాకి, ఈల, పచ్చ జాకెట్టు.
జీతం సంగతి అడగొద్దు.
"నాలుగు రాళ్లు సంపాయించుకోరా కుర్మయ్యా" అన్నది మా అవ్వ.
నేనప్పుడు జొన్నచేన్ల మంచె మీద,
చేతిల ఒడిసెల.
రాళ్లకు కరువా!

లోపల గఫార్ సాబ్ ఒక్కడే ఉన్నడు.
బేగంపేటల ముప్పైయేండ్లు మీటర్లు బాగుచేసిన చేతులు
అద్దాల మీది దుమ్ము తుడుస్తున్నయ్.
"చెప్పులు విడవకు బాబూ, ఇది గుడి గాదు" అన్నడు.
నేనప్పటికే విడిచిన.

కర్ర పంకా, మనిషంత పొడుగు.
తోలు టోపీ, లోపల ఎవరిదో చెమట మరక.
సగం రెక్క,
గుడ్డ చినిగిన కాడ కట్టెబద్దలు
బక్క ఎద్దు పక్కటెముకల్లెక్క.
ఇన్నేండ్లు కింద నిలబడి
కడుపులే చూసిన నేను.
వీపు చూసుడు ఇదే మొదలు.

ఎత్తు కొలిచే గడియారం ఒకటి చూపిచ్చిండు సాబ్.
"మబ్బు పట్టిన్నాడు గాలి బరువు తగ్గుతది,
ముల్లు పైకి జరుగుతది.
ఈ మిల్లు ఉన్నకాణ్ణే ఉండి
నూటేబై అడుగులు ఎగురుతది" అని
నవ్విండు, పండ్లు లేని నవ్వు.
పక్కూరి రైతులు ఇత్తనాలేసే ముందు
వచ్చి ఆ ముల్లు చూసి పోతరంట.
వాళ్లతోని టికెట్టు తీసుకోడంట.

ఆ మూలకు, చెక్కపెట్టె మీద,
ఇంజను బ్లేడు ఒకటి.
రాయికి తగిలిన కొడవలి తీరు
అంచు ఒంగిపొయ్యింది.
కింద చీటి: పక్షి తగిలి దెబ్బతిన్నది.
ఏ ఏడు, ఏ ఇంజను, నిమిషానికి ఎన్ని చుట్లు,
అన్నీ రాసిండ్రు.
ఏ పక్షి?

సాబ్ బీరువ తీసిండు.
అగ్గిపెట్టెల ఒక ఈక.
"దీనితోనే వచ్చింది. పారెయ్య బుద్ధి కాలె."

అరచేతుల పెట్టుకున్న.
సగం తెలుపు, కొస నలుపు.
తెలవకపోవుడేంది?
మా చెల్కల నేలమీదనే గుడ్లు పెట్టేది.
గూడు లేదు, కొమ్మ లేదు,
వట్టి గులకరాళ్ల నడుమ.
నాగలి దగ్గరికొస్తే
రెక్క విరిగినట్టు కుంటుకుంట
మనల్ని ఇంకో దిక్కు తోల్కపొయ్యేది.
రాత్రిపూట కూసిందంటే మా ముత్తవ్వ
"ఎవరికో మూడింది" అని తలుపు గడియ పెట్టేది.

"తీతువు" అన్న.
పెన్ను నా చేతికిచ్చిండు.
జీతం కాడ సంతకానికి తప్ప పెన్ను పట్టని చెయ్యి,
అక్షరాలు వంకర బొయినయ్.
పక్షి అన్న మాట పక్కన ఇరికిచ్చి రాసిన.
రాస్తుంటే యాదికొచ్చింది
నా డ్యూటీ రిజిస్టరు.
ఏడేండ్ల కాగితాలు:
చిన్నది ఒకటి. పెద్దది రెండు. చిన్నది ఒకటి.

పోయేటప్పుడు పది రూపాయలు వాపస్ ఇయ్యబోయిండు సాబ్.
వద్దన్న. మల్ల తీసుకున్న.
బస్టాండ్ల చాయి తాగిన.

తెల్లారి డ్యూటీ.
రన్‌వే అవతల, గడ్డి అంచుల,
కుంటుకుంట ఉరుకుతున్నది అది,
రెక్క విరిగినట్టు.
ఆ ఆట నాకు తెలుసు.
అది ఉరికే దిక్కు విడిచి
ఎదురు దిక్కు పొయ్యిన.
గులకల నడుమ, మొనలు లోపలికి పెట్టుకొని,
మట్టిరంగు మీద నల్లచుక్కలు.
నెత్తి మీంచి దుబాయి విమానం పొయ్యింది.
కాళ్ల కింది నేల వణికింది.
అది అరుస్తనే ఉన్నది, నన్ను.

వాకీటాకీల సార్ అడిగిండు:
"ఏమన్న ఉన్నదా ఆడ?"

తుపాకి మూతి కిందికి దించి,
"రాళ్లు సార్" అన్న.
"నాలుగు."