ఒక్క యూనిట్

రెండు నెలలకోసారి మీటర్లు చూడ్డానికొస్తాను.
మగోంగ్ నుంచి పడవ. నాతోపాటు
రెండు గ్యాస్ బండలు, కోడిపిల్లల పెట్టె,
దేవుళ్ళకు కాల్చే బంగారు కాగితం పది కట్టలు.
రేవులో దిగే మనిషిని నేనొక్కణ్ణే.

చలికాలం ఇక్కడి గాలికి చేతులుంటాయి.
టోపీ పీకుతుంది, లెక్కల పుస్తకం తిరగేస్తుంది,
నాలిక మీద ఇంత ఉప్పు పెట్టి పోతుంది.

గుళ్ళు తొమ్మిది.
మనుషులు, పోయినసారి ఇరవై ఆరుగురు.
పంచితే గుడికి ముగ్గురు కూడా రారు.

పడవ నడిపే థియామ్-ఓంగ్ తాత
చుక్కాని వదలకుండానే చెబుతాడు:
వేలెడంత వెండి చేప, వలల నిండా.
పధ్నాలుగు పొయ్యిల మీద రాత్రింబవళ్ళు ఉడికేదట.
ఆవిరి కమ్మి ఊరు కనబడక
వాసన పట్టుకుని రేవు చేరేవారట పడవలు.
బంగారం కొట్టు, రెండు మంగలి షాపులు, ఒక సినిమా హాలు.
వేట పడిన ఏడు ఒక దేవుడికి గుడి.
పడని ఏడు, మొక్కుకుని, ఇంకొకటి.

తర్వాత చేప రాలేదు.
మరుసటేడూ రాలేదు.
"ఆ పైన నేను చూడ్డం మానేశాను," అంటాడు,
చూస్తూనే.

పగడపురాళ్ళ గోడలు నిలబడ్డాయి, కప్పులు దిగిపోయాయి.
పొయ్యి ఉండే చోట బ్రహ్మజెముడు పూసింది.
గుళ్ళకు మాత్రం ప్రతి మూడేళ్ళకీ కొత్త రంగు.
కావోష్యుంగ్‌లో స్థిరపడినవాళ్ళు డబ్బు పంపుతారు,
డ్రాగన్ మీసం ఒక్కటి విరిగినా ఊరుకోరు.

సముద్రమాత గుళ్ళో దీపాల స్తంభం ఉంది.
వేలి గోరంత బల్బులు ఎనిమిది వందల నలభై,
ఒక్కోదాని కింద ఒక్కో పేరు.
ఊరు వదిలినవాళ్ళంతా అక్కడే వెలుగుతున్నారు.
ఆ మీటరు చక్రం గిర్రున తిరుగుతుంది.

ఇళ్ళ మీటర్లది వేరే కథ.
ఆర్నెల్లు సున్నా వస్తే తీగ కత్తిరించమని మా ఆఫీసు రూలు.
కత్తెర తెచ్చుకుంటాను, ప్రతిసారీ తీసుకుపోతాను.
తాళం వేసిన పదమూడు ఇళ్ళలో
పదమూడు మీటర్లూ ఒక్క అంకె కదిలి ఉంటాయి.
రెండు కాదు. ఒకటే.

గుడి చూసే ముసలామె పేరు బోంగ్-చీ.
"ఆడపిల్లే, సరేలే, పెంచుదాం" అని ఆ పేరుకి అర్థం.
ఎనభై ఒకటి. కాళ్ళకు మగవాళ్ళ రబ్బరు బూట్లు.
అడిగాను.
జవాబివ్వలేదు. ఎర్ర చెక్క నెలవంకలు రెండూ
దోసిట్లో కదిపి నేల మీద వేసింది,
వీడికి చెప్పొచ్చా అని దేవతనడుగుతూ.
రెండూ వెల్లకిలా పడ్డాయి.
ఔనూ కాదు, కాదనీ కాదు. దేవత నవ్విందన్నమాట.

అప్పుడు మొలలోంచి తీసింది
వలతాడుకి గుచ్చిన పదమూడు తాళంచెవులు.
"నెలకో రాత్రి ఒక్కో ఇంట్లో పడుకుంటా.
నా ఇంట్లో బల్బు ఆర్పేసే వస్తాన్లే,
దొంగ లెక్క కాదు."
అరవై వాట్ల బల్బు, రెండు రాత్రులు. నేను మనసులో గుణించుకున్నాను.
"ఒఊ వాళ్ళ కుర్చీ బాగుంటుంది.
ఆయన నాకు రెండు శేర్ల బియ్యం బాకీ,
ఆ కుర్చీలో కూచుంటే కొంచెం వసూలైనట్టుంటుంది."

చివరి సందులో పధ్నాలుగో ఇల్లు.
సున్నా. సున్నా. మళ్ళీ సున్నా.
"దానికి చెవి ఉంది," అంది వెనకాలే వచ్చి,
"తలుపే ఉప్పు పట్టి బిగుసుకుంది.
నా బలం చాలట్లేదు."

రేవులో పడవ కూత వేసింది.
పుస్తకం నేల మీద పెట్టి, దాని మీద కత్తెర పెట్టి,
భుజం ఆనించి తోశాను. ఇంకోసారి.

లోపల ఉడికిన చేపల వాసన,
ఎప్పటిదో, ఇంకా తడిగానే.
చీకట్లో తడుముకుంటూ నేను ఆగిపోయాను.
ఆమె నన్ను దాటుకుని వెళ్ళింది.
స్విచ్చి ఎక్కడుందో ఆమెకి తెలుసు.