డెబ్బై రోజుల మిద్దె

శివరాత్రికి ఇంకా వారముంది.
లగ్గెరెలో రాత్రంతా సన్నగా వాన,
గొంతు తగ్గించి మాట్లాడే మనిషి మాదిరి.
పొద్దున మిద్దెక్కి చూస్తే
పాత పెయింటు బకెట్లలో మట్టి నల్లగా ఉబ్బి ఉంది.
ఆదివారం. సైరను లేదు, సూపర్‌వైజరు లేడు.
మాఘమాసపు ఎండకి ఇంకా పళ్ళు రాలేదు.

నిన్న సాయంత్రం ఓనరు చెన్నవీరప్ప
తలుపు తట్టకుండా వాకిట్లోనే నిలబడి చెప్పినాడు:
బసవ జయంతి అయినాక పైన ఇంకో అంతస్తు లేపుతాడంట,
మిద్దె ఖాళీ చేయల్లంట.
కన్నడంలో సరే అన్నా.
తెలుగులో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నా.
డెబ్బై రోజులు.

గంటకి తొంభై కాలర్లు కుట్టే చెయ్యి ఇది,
లెక్క దీనికి కొత్తేం కాదు.
తోటకూరకి ఇరవై అయిదు రోజులు, రెండు కోతలు ఖాయం.
ముల్లంగికి నలభై.
బెండ యాభైకి మొదటి కాయ ఇస్తాది,
మిగతా ఇరవై రోజులు పండగే.
సొరపాదు వద్దు. నేను పందిరేసేలోపు
మేస్త్రీ సెంట్రింగు కర్రలు పాతేస్తాడు.
వంకాయ... చూద్దాం.

పోయినేటి టమాటా వేర్లు పట్టి లాగితే
బకెట్టంత మట్టి గడ్డగా లేచొచ్చింది,
జుట్టు పట్టుకొని లేపిన పిల్లోడి మాదిరి.
విదిలించినా. పెళ్ళలు చిదిపినా.
కొబ్బరిపీచు నానబెట్టి, వేపపిండి కలిపితే
ఆ కంపుకి కింది పోర్షను వాళ్ళు కిటికీ వేసుకున్నారు.
బకెట్ల అడుగున పూడుకుపోయిన చిల్లులు
కాల్చిన సలాకుతో మళ్ళీ తెరిచినా.
నీళ్ళు రావడమే కాదు, పోవడం కూడా నేర్పల్ల మట్టికి.

నత్తలు మాత్రం నాకంటే ముందే లెక్క వేసుకున్నాయి.
వాన తడికి గోడలెక్కి, గుప్పెడంత గుప్పెడంత,
నారుకి అప్పుడే ముహూర్తం పెట్టుకున్నాయి.
పక్కింటి ఫయాజ్ నత్తకి రూపాయి అడిగినాడు.
నలభై ఒకటి ఏరినాడు. ముప్పై ఇచ్చినా,
పదకొండు బాకీ.
ఒకదాన్ని నిక్కరు జేబులో దాచుకున్నాడు.
చూడనట్టు ఉండిపోయినా.

మంగళవారం మళ్ళీ వాన. ఈసారి గొంతు పెంచింది.
వరుసగా చల్లిన మెంతులు
చల్లిన చోట వదిలేసి
నీళ్ళు పోయే గొట్టం మూతి దగ్గర మొలిచినాయి,
కంపెనీ బస్సు కోసం తోసుకునే మా లైను ఆడోళ్ళ మాదిరి.
అక్కడే ఉండనీ అనుకున్నా.

ఇంకో పొట్లం మిగిలింది.
మడకశిర సంతలో కొన్న మిరప విత్తనం.
నూరు రోజులకి గానీ చేతికి రాదు.
ఎట్లా కలిపినా, ఎట్లా తీసేసినా
ముప్పై రోజులు తక్కువ పడతాంది.
పొట్లం మడిచి రవికలో పెట్టుకొని కిందికి దిగినా.
సగం మెట్ల మీద నిలబడిపోయినా.

పంతొమ్మిదేళ్ళప్పుడు, యలహంకలో,
మూడంతస్తులకి ఇసుక మోసినా నేను.
మధ్యాహ్నం రాగిముద్ద, నీళ్ళ చారు,
నంజుకునేదానికి ఏమీ ఉండేది కాదు.
ఆనుకొని ఉన్న మిద్దె మీద ఎవరిదో మిరపచెట్టు.
గోడ మీదుగా చెయ్యి చాపి
రోజుకి రెండు కాయలు కోసుకుంటిని.
ఆ ఇంటామె ఒకనాడు చూసింది.
ఏమీ అనలేదు.
మరుసటిరోజు కుండీ గోడకి ఇంకొంచెం దగ్గరగా ఉండింది.

మళ్ళీ పైకెక్కినా.
పదిహేడు బకెట్లు ఉన్నాయి నాకు.
పదహారు కిందికి దించుతా,
సందులో పెట్టుకుంటానో, పంచిపెడతానో.
పదిహేడోది మెట్ల మలుపులో,
ఇసుక గంప దించి ఊపిరి పీల్చుకునే చోట.
రాయచూరు నుంచి వస్తారో, కొప్పళ నుంచి వస్తారో,
ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలీదు.

విత్తనం మీద వేలెడు మట్టి కప్పినా.
చినుకు పడింది.
ఆరేసిన గుడ్డలు తీయల్ల, ముందు.