నలభై మాటలు

వారానికి నలభై మాటలు.
సంతకం కూడా లెక్కలోకే వస్తుంది.
గేర్‌లాక్ ఒడ్డున, సముద్రం కొండల మధ్యకి దూరిన చోట,
ముళ్ళకంచె లోపలి గదిలో
పంతొమ్మిదేళ్ళు నేను లెక్కపెట్టింది అవే.

భార్యలు రాసేవాళ్ళు, తల్లులు రాసేవాళ్ళు,
నీళ్ళ కింద ఎక్కడుందో తెలియని జలాంతర్గామికి.
నాకూ తెలియదు.
తెలియకపోవడమే దాని బలం అనేవాడు మా అధికారి,
పెన్సిలుతో టీ కలుపుకుంటూ.
అటునుంచి జవాబు రాదు.
జవాబిస్తే ఆచూకీ ఇచ్చినట్టే.

నా ఎర్ర పెన్సిలుకి ఒకటే కట్టడి:
చెడ్డ కబురు పోకూడదు.
కుక్క కుంటుతోందంటే కొట్టేసేదాన్ని.
"చాలా గుర్తొస్తున్నావు"లో "చాలా" తీసేసేదాన్ని.
పైకప్పు కారిందంటే పర్వాలేదు,
బాగుచేయించామని పక్కనే ఉంటే.

ఫిబ్రవరిలో ఇష్‌బెల్ కాగితం వచ్చింది.
ఫెర్గస్, బాబు పోయాడు.
మూడు రోజుల జ్వరం.
నీ నీలం స్వెట్టర్ కప్పి పంపాం...
చివరిదాకా లెక్కపెట్టాను. ముప్పై ఏడు.
మూడు మాటలు వాడకుండా వదిలేసింది.

ఫోన్ చేశాను.
అసలేమీ వెళ్ళకపోతే అతను కంగారుపడతాడు,
ఏదో ఒకటి రాద్దాం అన్నాను.
వాన తెరిపిచ్చింది. అందరం నీకోసం చూస్తున్నాం.
"'అందరం' అని రాయాలా?" అని అడిగింది.
రాయాలన్నాను.

అరవై ఎనిమిది రోజులు
బతికున్న కొడుకుకి తండ్రిగా పడుకుని లేచాడు ఫెర్గస్,
పదహారు గొట్టాల పక్కన.
ఒక్కో గొట్టంలో ఎవరి ఊరుందో,
ఆ ఊళ్ళో ఎవరి పిల్లాడికి జ్వరం తగ్గిందో.

కబురు తెలిస్తే చెయ్యి వణుకుతుంది,
అందుకే ఈ రూలు అన్నాడు అధికారి.
వణకని చెయ్యి ఎందుకు కావాలో
ఆ గదిలో ఎవరం అడగలేదు.
"ఇన్నేళ్ళూ ఏమీ జరగలేదు కదా,
అదే రుజువు" అన్నాడు.
ఏమీ జరగలేదని
నా చేత్తో నేను రాస్తున్నదే కదా అది.

జెట్టీ మీద పాదిరి అతన్ని పక్కకి పిలిచాడు.
నేను కిటికీ దగ్గర్నుంచి వచ్చేశాను.

జెనీవాలో సంతకాలయ్యాయని తర్వాతెప్పుడో రేడియో చెప్పింది.
ఇన్ని వేలు తగ్గిస్తారట, ఇన్ని వేలు ఉంచుకుంటారట.
లెక్కల మనిషిని, కాగితం మీద తీసివేత వేశాను.
సున్నా రాలేదు.
అయినా ఆ కాగితం పారేయలేదు,
ఇంకో తీసివేతకి కింద చోటుంది.

ఉద్యోగం దిగిన రోజు గేటు బయట
రంగులేసిన పాత కారవాన్ల దగ్గర ఆగాను.
ఎనిమిదేళ్ళుగా అక్కడే కాపురమున్న ఓనా
నన్ను చూసి గుర్తుపట్టింది, నవ్వలేదు.
చిన్న స్టవ్ మీద కెటిల్ పెట్టింది.
తెల్లటి పెద్ద అట్టముక్క ఒకటి నాముందు వాల్చి,
కుంచె చేతికిచ్చి,
ఎంత పొడుగైనా రాసుకో అంది.

అలవాటు పోక
వేళ్ళ మీద లెక్కపెడుతూ,
కుంచెని డబ్బా అంచుకి తుడుస్తూ
అలాగే నిలబడ్డాను.
కెటిల్ కూత పెట్టింది.
మూడంటే మూడు మాటలు.