ఎడమ సీటు

డీజిల్ గడ్డకట్టే చలిలో
ఉలాన్‌బాతర్ శివారు కార్ల సంతకి నలుగురం పోయాం:
నేను, హిషిగ్‌జర్గల్, మా అత్తగారు దుల్మా,
చేతి తొడుగు ఒకటి దారిలోనే పారేసుకున్న
ఆరేళ్ల అనుజిన్.

నా కళ్లు ఎత్తు జీపుల మీదే.
బావమరిది ముందే నవ్వాడు:
"స్టేషన్ వ్యాగనా? శవపేటికకి చక్రాలు పెట్టినట్టుంటుంది."
హిషిగ్‌జర్గల్ మాత్రం ఒక్కో జీపు దగ్గరా
ఒకే ప్రశ్న వేసింది, "వందకి ఎంత తాగుతుంది?"
అమ్మేవాళ్లు ఆకాశంలోకి చూశారు.

అన్నీ జపాను నించి ఓడ దిగినవే.
అన్నిటికీ స్టీరింగు కుడివైపే,
మేం నడిపేదీ రోడ్డుకి కుడివైపే.
ఎడమచేతివాటం పిల్లాడికి ఇల్లు అలవాటుపడ్డట్టు
ఈ తేడాకి ఊరంతా అలవాటుపడిపోయింది.

పురెవ్‌దాష్ అనే ఆయన
బూడిదరంగు వ్యాగన్ బానెట్ మీద మంచు దులిపాడు.
"పన్నెండేళ్లదే. రిటైరైన టీచరమ్మ నడిపింది.
కూరగాయల కొట్టు, ఇల్లు. అంతే."
పొద్దుట్నించీ ఇది మూడో టీచరమ్మ.
జపానులో ఎంతమంది టీచరమ్మలో,
అందరూ ఎంత నెమ్మదిగా నడిపారో!

మంచులో వెల్లకిలా పడుకుని అడుగున టార్చి వేశాను.
ఉప్పు చల్లిన రోడ్లేవో
సైలెన్సర్ చుట్టూ తుప్పై పొర్లుకట్టాయి.
గోటితో గీకితే రేకు నిలబడింది.
మీటరు మీద అంకెల్ని నమ్మలేదు,
బ్రేకు పెడల్ రబ్బరుని నమ్మాను.
ఒక అంచు అరిగి నున్నబడింది,
ఎవరో మనిషి నిజంగానే
ఆగుతూ ఆగుతూ బతికినట్టు.

వెనక సీటు సందులో అనుజిన్ చెయ్యి దూర్చింది.
తలపిన్ను. స్ట్రాబెర్రీ బొమ్మది.
"టీచరమ్మకి రెండు జడలా?" అంది.
పురెవ్‌దాష్ టైర్ల గురించి మొదలుపెట్టాడు.

తాళం తిప్పితే
ఒక ఆడగొంతు జపనీసులో మర్యాదగా ఏదో చెప్పింది.
మా ఎవరికీ అర్థం కాలేదు.
"సరే తల్లీ, నువ్వు బావున్నావా?" అని
అత్తగారు బదులిచ్చింది.

తర్వాత వెనక డోరు ఎత్తించింది.
సీట్లు మడవమంది.
ఫెల్టు బూట్లు విప్పి మంచులో జతగా పెట్టి
మోకాళ్ల మీద లోపలికి పాకి
బారుగా పడుకుంది.
"డోరు వెయ్యండి."

వేశాం.
అద్దానికి లోపల్నించి ఆవిరి పట్టింది.
ఆవిడ మొహం మాయమైంది.
బావమరిది మాట గుర్తొచ్చి
నా కడుపులో ఏదో కదిలింది.
పురెవ్‌దాష్ సిగరెట్టు సగం కాలింది.

తట్టింది. మూడుసార్లు.
"కాళ్లు చాపుకోవచ్చు," అంది, బయటికి రాకుండానే.
"పశువులు నిలబడ్డవి నిలబడ్డట్టే గడ్డకట్టిన ఆ ఏడు
రష్యా జీపులో మూడు రాత్రులు
మీ మామా నేనూ కూర్చునే ఉన్నాం, దారి తెరిచేదాకా.
ఆయన మోకాళ్లు మళ్లీ తిన్నబడలేదు.
బండి పరిగెడితే చాలా?
ఆగిపోయిన రాత్రి పడుకోనివ్వాలి."

జీపుల మాట నేనింక ఎత్తలేదు.
కోటీ నలభై లక్షల తుగ్రిక్‌ల దగ్గర పురెవ్‌దాష్ ఆగాడు.
ఇంజనుకి కప్పే బొంత కూడా ఇస్తేనే
హిషిగ్‌జర్గల్ డబ్బు లెక్కపెట్టింది.
అత్తగారు కోటు మడతలోంచి పాలసీసా తీసి
నాలుగు చక్రాల మీదా చిలకరించింది.
తాకీ తాకగానే గడ్డకట్టాయి చుక్కలు,
నల్లటి చిగుళ్ల మీద పాలపళ్లలా.

ఇంటిదారిలో చీకటిపడింది. ముందు బొగ్గు లారీ.
కుడిపక్క కూర్చున్న నాకు
దాని వీపు తప్ప ఏమీ కనబడదు.
ఎదురొచ్చే లైట్లన్నీ ఎడమ సీటుకే.
హిషిగ్‌జర్గల్ మెడ చాచి చూస్తోంది.
పదేళ్ల కాపురంలో
తను చెప్పింది చెప్పినట్టు వినడం ఇదే మొదలు.

"ఆగు."
ఆగాను.
"ఆగు, ఇంకోటి వస్తోంది."
వెనక అత్తగారి గురక.
అనుజిన్ జుట్టులో ఎవరిదో స్ట్రాబెర్రీ పిన్ను.

"ఇప్పుడు."