మైదా బంక

పెరంబూరులో మూడురోజుల శిక్షణ.
ముప్పైయెనిమిది మంది టీచర్లం,
తెలుగు మీడియం నేనొక్కదాన్నే.
"శబ్దం ముందు, అక్షరం తర్వాత" అని
ఇళవేణి మేడం తమిళంలో చెప్తుంటే
నోటుపుస్తకంలో తెలుగులో రాసుకున్నాను.
చప్పట్లు కొట్టి మాటని ముక్కలు చెయ్యమన్నారు.
కొట్టాం.
పక్కామె మోకాలి నొప్పితోనే
కప్పలా గెంతింది, త - వ - ళై అని.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
నన్నెవరైనా గెంతమనడం అదే మొదలు.

మూడోనాడు సాయంత్రం సంచులు పంచారు.
అట్టకార్డులు, పాచికలు, ఓ బొమ్మల పట్టిక.
అన్నీ తమిళం.
"తెలుగువి వస్తాయి, ఇండెంట్ పెట్టాం."
ఆ మాట పోయిన శిక్షణలోనూ విన్నాను,
అంతకు ముందుదాంట్లోనూ.

కొరుక్కుపేట గేటు పడింది.
గూడ్సు బండి వెళ్ళేదాకా
సంచి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో లెక్కేశాను.
వాళ్ళకి ఒక్క క.
మనకి క ఖ గ ఘ.

రాత్రి అన్నాలయ్యాక మైదా ఉడికించాను.
పాత క్యాలెండరు కాగితాలు వెనకవైపు తెల్లగా ఉంటాయి,
మురుగన్లూ నగలకొట్లూ అవతలి పక్క.
కత్తిరించి, స్కెచ్ పెన్నుతో రాసి,
కార్డుకి నాలుగు చీటీలు, నాలుగు మూలలా,
అడుగునున్న అక్షరం కనపడకుండా అతికించాను.
మా ఆయన తొంగి చూసి
"దీనికి టీఏ ఇస్తారా?" అన్నాడు.

నా గదిలో పదకొండుమంది, మూడు తరగతులు.
ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం,
ఫోనులో ఏది దొరికితే అది.
గజలక్ష్మి తన పేరు
కజలక్ష్మి అని రాస్తుంది.
ఎర్రసిరాతో సున్నా చుట్టి చుట్టి
నా చెయ్యి అలిసింది గాని
ఆ గ మాత్రం రాలేదు.

అక్టోబరు వానకి గోడలు చెమ్మగిల్లాయి.
బీరువాలో కార్డులు మెత్తబడి
బంక వదిలేసింది.
సిగ్గేసి దాచబోతే
ఏసుపాదం లాక్కున్నాడు.
గోటితో అంచు లేపి,
"టీచర్, అడుగున ఎవురో ఉండారు!"

గ లేపితే ఒక కాలు.
ఖ లేపితే ఒక భుజం.
నాలుగూ లేచేసరికి
వాడు రోజూ బస్సుల మీద, కొట్ల మీద
చదువుకుంటూ వచ్చే తమిళ క.

"ఒకే ఇంట్లో నలుగురా?"
"మా పోర్షన్ మాదిరే" అంది గజలక్ష్మి.
వాళ్ళది పదడుగుల గది, మనుషులు ఆరుగురు.
"మరి బైట నుంచి పిలిస్తే
ఎవురు పలకతారు టీచర్?"

రెండోరోజు, భోజనాలయ్యాక,
నేను సగం నిద్రలో ఉండగా
మేడం ఏదో చెప్పింది గొంతు గురించి.
ఎక్కడ దాక్కుందో, ఇప్పుడొచ్చింది.
"గొంతు మీద చెయ్యేసుకుని పిలవండి" అన్నాను.

క.
క.
ఏమీ లేదు.
గ.
గజలక్ష్మి కళ్ళు పెద్దవయ్యాయి.
చెయ్యి తియ్యలేదు. ఇంకోసారి అంది. ఇంకోసారి.
"టీచర్, దీని లోపల
గూడ్సు బండి పోతా ఉండాది."

ఆ పూట లెక్కలు సాగలేదు.
పదకొండు గొంతుల మీద పదకొండు చేతులు,
ద లో ఉందా, త లో ఉందా,
బ లో పోతుందా బండి అని.
హెడ్మిస్ట్రెస్ వచ్చి గుమ్మంలో నిలబడి
అందరికీ జలుబు చేసిందా అని అడిగింది.

ఇప్పటికీ తొందర్లో కజలక్ష్మే అవుతుంది.
అప్పుడు ఒకసారి మెడ తడుముకుని
తనే దిద్దుకుంటుంది.
ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

జనవరిలో మళ్ళీ పెరంబూరు.
నా కార్డులు చేతిలోకి తీసుకుని
చీటీలు లేపి, దించి, లేపి,
"ఇది ఏ పద్ధతి?" అంది ఇళవేణి మేడం.
"బంక చాలలేదు మేడం" అన్నాను.
ఆవిడ నవ్వలేదు. తమిళంలో రాసుకుంది.

తెలుగు కార్డులు ఇంకా రాలేదు.
ఈ మధ్య నేను బంక
పై అంచుకి మాత్రమే పూస్తున్నాను.